మిల్లీమీటరు లెక్క: పెంటాక్స్ కె1000 బాగుచేసుకుని పాత లెన్సు బిగించుకోవడం

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో నేను మెషిన్‌మ్యాన్‌ని. కెమెరా రిపేరు నా వృత్తి కాదు, ఆదివారం పని. అయినా ప్రెస్సులో చేసేవాడికి ఇది తొందరగానే పట్టుబడుతుంది. అక్కడా సగం పని తుడవడం, మిగతా సగం మందం చూసుకోవడం. బ్లాంకెట్ (సిలిండరు మీది రబ్బరు షీటు) కింద ప్యాకింగ్ 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ అయితే బొమ్మ తేలిపోతుంది. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య దూరం కూడా అంతే కచ్చితంగా ఉండాలి. తుడవడం, కొలవడం ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. అంతకు మించి షట్టర్ గేర్ల దాకా వెళ్ళొద్దని ముందే చెప్తున్నా.

నా దగ్గరున్నది పెంటాక్స్ కె1000, జపాన్ కంపెనీ ఫిల్ము కెమెరా. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్. షట్టర్ పూర్తిగా స్ప్రింగులూ గేర్ల మీదే నడుస్తుంది. బ్యాటరీ కావాల్సింది వెలుతురు కొలిచే మీటరుకి మాత్రమే, అది చచ్చిపోయినా ఫొటో తియ్యొచ్చు. అందుకే ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉన్నది కూడా చాలాసార్లు మళ్ళీ లేస్తుంది. మీ దగ్గర వేరే కంపెనీది ఉన్నా పద్ధతి దాదాపు ఇదే, అంకెలు మారతాయి.

ముందు ఫిల్మ్ కొనకండి. వెనక తలుపు తెరిచి, లెన్సు తీసేసి, వెలుతురున్న తెల్ల గోడ వైపు పట్టుకుని ఒక్కో స్పీడులో క్లిక్ కొట్టి చూడండి. ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటుంది. దానితో వెనక నుంచి వీడియో తీసి, షట్టర్ తెరుచుకుని కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టండి. 1/8లో (అంటే సెకనులో ఎనిమిదో వంతు) 30, 1/30లో 8, 1/60లో 4 దగ్గర రావాలి. ఒకటి అరా తేడా వస్తే ఫర్వాలేదు. అంతకంటే వేగంగా ఉన్నవాటిని ఫోను పట్టుకోలేదు. 1/1000కి ఆకాశం వైపు (సూర్యుడి వైపు కాదు) పెట్టి కంటితో చూడండి. ఫ్రేము ఈ చివర నుంచి ఆ చివర దాకా వెలగాలి. ఒక పక్క చీకటి కనిపిస్తే షట్టర్‌లోని గుడ్డ తెరలు రెండూ ఒకే వేగంతో కదలట్లేదన్నమాట. అది మెకానిక్ పని.

1 సెకను, 1/2, 1/4 దగ్గర మధ్యలో ఆగి మూలిగితే కంగారు పడకండి. గేర్లలో నూనె గట్టిపడి ఉంటుంది. సాయంత్రం టీవీ చూస్తూ ఆ స్పీడుల్లోనే కొడుతూ ఉంటే తరచుగా అదే దారిలోకి వస్తుంది. రాకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం లోపల కొట్టకండి. నాకు తెలిసిన ఒకాయన కొన్న కెమెరాలో ఎవరో అదే చేశారు. నూనె పాకి షట్టర్ గుడ్డకి చేరింది, గుడ్డకి దుమ్ము అంటింది, మూడు నెలలకి తెర కదలడమే మానేసింది.

అసలు పని స్పాంజి దగ్గర ఉంది. తలుపు అంచుల్లోనూ, లెన్సు వెనకుండే అద్దం క్లిక్ కొట్టగానే పైకి లేచి తగిలే చోటా నల్ల స్పాంజి పట్టీలుంటాయి. కొన్ని బాడీల్లో తలుపు గాడిలో స్పాంజి బదులు దారం ఉంటుంది. మన ఉక్కకి ఆ స్పాంజి కరిగి తారులా అవుతుంది. వేలితో ముట్టుకుంటే జిగురుగా, నల్లగా అంటుకుంటుంది. అద్దం పైకి వెళ్ళి కిందికి రాకపోతే చాలామంది షట్టర్ పోయిందనుకుంటారు. చాలాసార్లు అద్దం ఈ జిగురుకి అతుక్కుని ఉంటుంది, అంతే.

తియ్యడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. థిన్నరు, పెట్రోలు వద్దు, ప్లాస్టిక్కు పాడవుతుంది. ఇయర్ బడ్‌ని తడిపి, పిండి, పట్టీ మీద అద్ది ఒక నిమిషం ఆగండి. మెత్తబడ్డాక వెదురు టూత్‌పిక్‌తో గోకితే ముద్దలుగా వస్తుంది. ఇనుప మొన వాడితే రంగు లేస్తుంది. అద్దం దగ్గరున్న పట్టీ తీసేటప్పుడు అద్దం కొలతకి కాగితం కత్తిరించి పైన కప్పండి. కెమెరా నోరు కాస్త కిందికి వంచి పట్టుకుంటే రేణువులు బయటికి రాలతాయి. ఓపిక కావాల్సింది ఇక్కడే. టెన్షన్‌తో గబగబా గోకితే ఆ నల్ల పొడి పోయి ఫోకస్ తెర (అద్దం పైన బొమ్మ కనిపించే మసక గాజు) మీద కూర్చుంటుంది. దాన్ని తుడవబోతే గీత, వదిలేస్తే చుక్క.

కొత్త పట్టీకి మెత్తటి నల్ల స్పాంజి షీటు చాలు. తలుపు గాడికి 1.5 మిల్లీమీటర్లు, అద్దానికి 2 నుంచి 3. వెనక అంటుండే రకమైతే సులువు. స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో ఒకే గీతలో కొయ్యండి. పెట్టేముందు అంటు వైపు నీళ్ళ తడి చేస్తే వెంటనే పట్టుకోదు, పట్టకారుతో జరిపి సరిచేసుకునే టైము దొరుకుతుంది. సన్న గాడిలో నల్ల ఊలు దారం కూడా బాగా పనిచేస్తుంది, ఫ్యాన్సీ షాపులో చవగ్గా వస్తుంది. తలుపు మడత దగ్గరుండే వెడల్పు పట్టీని మాత్రం మర్చిపోకండి. ఫొటోల మీద పడే నారింజ రంగు చారల్లో చాలావాటికి దారి అదే.

అద్దాన్ని గుడ్డతో తుడవకండి. మన ఇంటి అద్దానికి పూత వెనక ఉంటుంది, దీనికి ముందు వైపే ఉంటుంది. రబ్బరు బల్బుతో ఊదడం ఒక్కటే. మిగిలిన మరకలు ఫొటోలో రావు, చూడ్డానికి చిరాకు, అంతే.

బ్యాటరీ మూత అడుగున ఉంటుంది, నాణెంతో తిరుగుతుంది. లోపల పచ్చగానో తెల్లగానో పూసి ఉంటే వెనిగర్ అద్దిన ఇయర్ బడ్‌తో రుద్ది, తర్వాత ఐపీఏతో తుడిచి ఆరనివ్వండి. ఎల్ఆర్44 ఒకటి చాలు. కాస్త ఎక్కువ డబ్బులు పెట్టగలిగితే ఎస్ఆర్44 వెయ్యండి, ఓల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. ఈ కెమెరాకి ఆఫ్ స్విచ్చి లేదు, లెన్సు మూతే స్విచ్చి. మూత లేకుండా వెలుతుర్లో వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. మీటరు సరిగ్గా ఉందో లేదో ఎండలో తేలుతుంది. ఫిల్ము స్పీడు 400 ఏఎస్ఏ పెట్టి, షట్టర్ 1/500, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16లో మిట్టమధ్యాహ్నం ఎండ పడుతున్న తారు రోడ్డు వైపు చూస్తే ముల్లు మధ్యకి దగ్గరగా రావాలి. ముల్లు అసలు కదలకపోతే అడుగు ప్లేటు విప్పి వైరు కుళ్ళిందేమో చూడండి. జపాన్ కెమెరాలకి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవరే వాడాలి. మామూలు స్టార్ డ్రైవర్ జారి తల అరిగిపోతే ఆ స్క్రూ ఇక రాదు.

ఇక లెన్సుల సంగతి. బాడీలో లెన్సు ఆనే అంచు నుంచి ఫిల్ము దాకా ఉన్న దూరం ప్రతి కంపెనీకి ఒకటి ఉంటుంది. పెంటాక్స్ కె మౌంటుకి (లెన్సు బిగే అమరికకి) అది 45.46 మిల్లీమీటర్లు. పాత మర లెన్సులకి, అంటే ఎం42 రకానికి, కూడా 45.46. 1975లో పెంటాక్స్ కొత్త మౌంటు తెచ్చినా పాత టకుమార్ (పెంటాక్స్ వాళ్ళ లెన్సుల పేరు) లెన్సులున్నవాళ్ళు నష్టపోకుండా దూరం మార్చలేదు. మనకి కలిసొచ్చింది అదే. టకుమార్లు, రష్యన్ హీలియోస్‌లు, తూర్పు జర్మనీ పెంటాకాన్‌లు అన్నీ ఎం42లో దొరుకుతాయి.

సూత్రం ఒక్కటే. లెన్సు అంకె బాడీ అంకెకి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. కెనాన్ ఎఫ్‌డీ 42, మినోల్టా ఎండీ 43.5. ఇవి కె1000కి పెడితే దూరంగా ఉన్నది ఏదీ ఫోకస్ అవ్వదు. అడాప్టర్లో (ఒక మౌంటు లెన్సుని ఇంకో మౌంటుకి పట్టించే రింగులో) గాజు పెట్టి అమ్మేవాళ్ళున్నారు గానీ, ఆ గాజుతో లెన్సు మంచితనం పోతుంది. నికాన్ 46.5, ఒలింపస్ ఓఎం 46. కాగితం మీద కుదురుతాయి, కానీ మిగిలిన ఒక మిల్లీమీటరులో, అర మిల్లీమీటరులో రెండు మౌంట్లు పట్టించడం ఎవరి తరం? ఎం39 (39 మిల్లీమీటర్ల మర) అని రాసి ఉంటే మరీ జాగ్రత్త. రష్యన్ కెమెరాల్లో పాత జెనిట్‌లవి 45.2, ఫెడ్, జోర్కీలవి 28.8. మర ఒకటే, జాతి వేరు. రెండోది కొంటే పువ్వుల క్లోజప్పులకి తప్ప దేనికీ రాదు.

ఎం42 నుంచి కె మౌంటుకి అడాప్టర్లు రెండు రకాలు. పెంటాక్స్ వాళ్ళ అసలుది అంచు లేని రింగు, మౌంటు లోపలే కూర్చుంటుంది, లెన్సు నేరుగా బాడీకి ఆనుతుంది. చవక రకాల్లో బయటికి ఒక అంచు ఉంటుంది. అది మిల్లీమీటరు మందం అనుకుందాం. 58 మిల్లీమీటర్ల హీలియోస్ దాని మీద పెడితే లెన్సు ఆ మేరకు ముందుకి జరుగుతుంది, ఫోకస్ మూడున్నర మీటర్ల దగ్గర ఆగిపోతుంది. పెళ్ళిలో ముందు వరస కుర్చీలకి సరిపోతుంది, ఇంద్రకీలాద్రి మీద గోపురం మాత్రం మసకే.

అంచున్నదే దొరికితే ఆటోనగర్‌లో లేత్ మీద తీయించొచ్చు. నేను తీసుకెళ్ళినప్పుడు లేత్ ఆయన దాన్ని అరచేతిలో తిప్పి చూశాడు.

“దీన్ని ఏం పెట్టి పట్టుకోమంటావ్? చక్‌లో బిగిస్తే నలిగిపోద్ది.”

“లోపల మర ఉంది బాబాయ్, 42 మిల్లీమీటర్లు, పిచ్ 1.”

“అట్టా చెప్పు. ముందు ఆ మరతో ఒక గుబ్బ చేస్తా, దానికి బిగించి తీస్తా.”

అలాగే చేశాడు. అంచు మొత్తం పోవాలి, లోపల పట్టుకునే మూడు పళ్ళు మాత్రం ముట్టుకోకూడదు. ఇంటికొచ్చాక లోహపు రజను పూర్తిగా కడిగి, ఆరబెట్టి, ఊది మరీ బాడీలో పెట్టండి. మన కూలీ ఖర్చు, ఆటో ఖర్చు కలుపుకుంటే అంచు లేని రకం కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది, అది నిజమే. గుర్తుంచుకోండి, లెన్సు మర విప్పినప్పుడు రింగు బాడీలోనే ఉండిపోతుంది. పక్కనున్న చిన్న స్ప్రింగుని గోరుతో గానీ టూత్‌పిక్‌తో గానీ నొక్కి తిప్పితే వస్తుంది. బలం పెట్టొద్దు.

హీలియోస్ 44-2 ఎంచుకుంటే ఇంకో తలనొప్పి తప్పుతుంది. దానికి అపెర్చర్ రింగులు రెండు. ముందుదాంట్లో ఎఫ్/8 పెట్టి, రెండోదాన్ని పూర్తిగా తెరిచి ఫోకస్ చెయ్యండి, తర్వాత అది ఆగేదాకా మూసి, ముల్లు చూసి కొట్టండి. చూసే గాజు చీకటిగా అవుతుంది, అలవాటు పడతారు. వెనక పిన్నుతో పనిచేసే ఆటో లెన్సులు కొనేటప్పుడు ఏ/ఎం (ఆటో/మాన్యువల్) స్విచ్చి ఉందా అని చూడండి. స్విచ్చి లేని లెన్సు అంచు లేని రింగు మీద ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, ఏ అంకె పెట్టినా ఒకటే.

కొనేముందు లెన్సులోంచి ఫోను టార్చి వేసి చూడండి. సాలెగూడులా తెల్లగా పాకి ఉంటే బూజు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో అది మామూలే. పలచగా ఉంటే తుడిస్తే పోతుంది, గాజు పూతని తినేసి ఉంటే ఆ మచ్చ పోదు. తోలు కేసులో దాచకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. సూపర్ టకుమార్ 50 ఎఫ్/1.4 లాంటివి కొన్ని పసుపెక్కి ఉంటాయి. ఆ గాజులో థోరియం ఉంటుంది, ఎండలో కొన్ని రోజులుంచితే పసుపు తగ్గుతుంది. ఎండకి మనకేం కొదవ. కానీ కింద వెండి రేకు కాగితం వేసి, పక్కన మంట అంటుకునేవి ఏవీ లేకుండా చూసుకోండి. అది భూతద్దమే కదా. హీలియోస్‌ని మాత్రం ఎండలో వదలకండి, లోపలి గ్రీజు కారి బ్లేడ్ల మీదికి వస్తుంది.

చివరిగా దూరం ఫోకస్ పరీక్ష. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, అంటే ఈ ఒడ్డున ఘాట్ మెట్ల మీద నిలబడితే సీతానగరం కొండ కిలోమీటరు అవతలే ఉంటుంది. పరీక్షకి ఇంతకంటే మంచి చోటు లేదు. ఎండ ఎదురుగా పడకుండా పొద్దున్నే వెళ్ళండి. వెనక తలుపు తెరిచి, ఫిల్ము కూర్చునే లోపలి పట్టాల మీద వెలుతురు మసగ్గా దూరే స్టికింగ్ టేపు (పూర్తిగా పారదర్శకమైనది కాదు) సాగదీసి అంటించండి. షట్టర్‌ని బీలో (నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్పీడు) పెట్టి, తాళం ఉన్న రిలీజ్ కేబుల్‌తో తెరిచి ఉంచండి. లెన్సు పూర్తిగా తెరిచి, ఫోకస్ రింగుని అనంతం గుర్తు దగ్గర పెట్టి, టేపు మీద తలకిందులుగా పడ్డ కొండని భూతద్దంతో చూడండి. ప్రెస్సులో చుక్కలు చూడ్డానికి వాడే మడత భూతద్దం దీనికి చక్కగా సరిపోతుంది. కొండ అంచు పదునుగా ఉంటే పని అయినట్టే.

అనంతం గుర్తుకి కాస్త ముందే పదును వచ్చి, గుర్తు దగ్గర మళ్ళీ మసకబారితే దాన్ని అలాగే వాడుకోవచ్చు. గుర్తు దాకా వచ్చినా పదును రాకపోతే, అడాప్టర్ సరిగ్గా ఆనిందో లేదో చూశాక, హీలియోస్ ఫోకస్ రింగు చుట్టూ ఉండే మూడు చిన్న స్క్రూలు వదులు చెయ్యండి. రింగుని వదిలి లోపలి గొట్టాన్ని తిప్పుతూ కొండ పదునెక్కిన చోట ఆపి, రింగుని గుర్తుకి తెచ్చి బిగించండి. ఒక్కో స్క్రూ మీద గోళ్ళ రంగు చుక్క వేస్తే మళ్ళీ వదులవ్వదు.