మెరిసే ఈగలన్నీ ఒకటి కావు: ఫొటోలో కుటుంబం పట్టడం

విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్లో చితికిన కాయ దగ్గర కెమెరా పెట్టుకుని కూర్చుంటే ఈగలకు కొదవుండదు. తీరా ఇంటికొచ్చి ఫొటోలు తెరిస్తే ఏది ఏదో తేలదు, ఎందుకంటే అన్నీ పైనుంచి తీసినవే. అసలు గుర్తులు పక్కన ఉంటాయి.

ఒక్కో ఈగకి మూడు ఫొటోలు తీయండి: పైనుంచి వీపు, సరిగ్గా పక్కనుంచి, ఎదురుగా ముఖం. పక్క ఫొటోలో ఫోకస్ కంటి మీద పెట్టడం అందరూ చేసే తప్పు. రెక్క మొదలు కింద పెట్టాలి. ఫ్లాష్ నేరుగా కొడితే మెరిసే ఒంటి మీద తెల్లమచ్చ పడి ముళ్లు మాయమవుతాయి, ముందు ఒక పొర టిష్యూ కాగితం అంటించండి. బెజవాడ ఎండలో ఈగ ఒక చోట నిలవదు కాబట్టి పొద్దున్నే వెళ్లండి.

ఇప్పుడు పక్క ఫొటో పెద్దది చేసి, వెనక కాలి మొదలుకి కాస్త పైన, వెనక శ్వాసరంధ్రానికి ముందు చూడండి. అక్కడ గట్టి ముళ్లు నిలువు వరుసలో ఉంటే సాధారణంగా బ్లో ఫ్లై, ఫ్లెష్ ఫ్లై, టాకినిడ్ అనే మూడు ఈగ కుటుంబాల్లో ఒకటి. లేకపోతే ఇంటి ఈగ కుటుంబం, అంటే మసిడే, లేదా దాని దగ్గరి కుటుంబాలు. రంగు చూసి తొందరపడితే ఇక్కడే బోల్తా పడతారు: పేడ మీద వాలే నియోమియా ఆకుపచ్చగా తళతళలాడుతుంది, కానీ ఆ వరుస ఉండదు. అది ఇంటి ఈగకే చుట్టం.

వరుస ఉన్నవాటిలో, వీపు చివరి త్రికోణపు పలక కింద ఇంకో ఉబ్బు స్పష్టంగా కనిపిస్తే టాకినిడ్. పొట్ట నిండా ముళ్లుండటం అనుమానానికే పనికొస్తుంది. ఉబ్బు లేకుండా బూడిద రంగు వీపు, మూడు నల్లచారలు, పొట్ట మీద చదరంగపు గళ్లుంటే ఫ్లెష్ ఫ్లై. ఇంటి ఈగకి నాలుగు చారలు. లెక్క తప్పకుండా ఉండాలంటే నడిమధ్య చూడండి: చారుంటే మూడు, ఖాళీ ఉంటే నాలుగు.

నీలం, ఆకుపచ్చ మెరుపుతో పాటు ఆ ముళ్ల వరుస కూడా ఉంటే బ్లో ఫ్లై. చేపల మార్కెట్లో ఎర్రటి పెద్ద కళ్లతో కనిపించే క్రిసోమియా మెగాసెఫాలా ఈ కుటుంబానిదే. మగదాని కళ్లు నెత్తిన దాదాపు కలిసిపోతాయి, ఆడదానికి ఎడం ఉంటుంది. రెండూ వేరు జాతులనుకునేవాళ్లున్నారు.

ముఖం ఫొటోలో నల్లటి సూదిలాంటి నోరు ముందుకు పొడుచుకొచ్చి ఉంటే గేదెల పాకలో కుట్టే స్టోమాక్సిస్. చూడ్డానికి అచ్చం ఇంటి ఈగే, కుటుంబమూ అదే.

పక్క ఫొటో లేదా? కుటుంబం పేరు రాయకండి, ఈ కుటుంబాలన్నీ చేరే పెద్ద గుంపు పేరుతో ‘కాలిప్ట్రేట్ ఈగ’ అని వదిలేయండి.