గ్లాస్ బెడ్డింగ్‌కి రిలీజ్ ఏజెంట్ ఎలా ఎంచుకోవాలి?

పెనానికి మొదటి దోసె అంటుకుపోతే అట్లకాడతో గీకి పారేస్తాం. రైఫిల్ రిసీవర్ (తూటా పేల్చే యంత్రాంగం ఉండే ఇనుప భాగం) గట్టిపడే జిగురైన ఎపాక్సీకి అంటుకుపోతే అలా కుదరదు, ఒక్కోసారి స్టాక్‌నే (దాన్ని కూర్చోబెట్టే కర్ర భాగం) పగలగొట్టాల్సి వస్తుంది. రిసీవర్‌ని ఎపాక్సీతో స్టాక్‌లో కదలకుండా కూర్చోబెట్టే ఈ గ్లాస్ బెడ్డింగ్‌ని మొదటిసారి చేసేవాళ్ల టెన్షన్ అంతా ఇక్కడే.

అమెరికాలో వేటకు వెళ్లేవాళ్లు, టార్గెట్ షూటింగ్ చేసేవాళ్లు ఈ పని ఇంట్లోనే చేసుకుంటారు. ఇండియాలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ రిపేరుకు కూడా లైసెన్సు ఉండాలి కాబట్టి అక్కడివాళ్లు లైసెన్సున్న డీలరుకే ఇవ్వాలి.

కర్ర స్టాక్ తేమకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాంతో రిసీవర్ పేల్చిన ప్రతిసారీ వెంట్రుకవాసి కదులుతుంది, గురి మారుతుంది. రిసీవర్‌కీ స్టాక్‌కీ మధ్య ఎపాక్సీ నింపి అచ్చు పోసినట్టు కూర్చోబెట్టడమే బెడ్డింగ్. ఆ ఎపాక్సీ కర్రని గట్టిగా పట్టుకోవాలి, ఇనుముని మాత్రం వదిలేయాలి. వదిలేలా చేసే పూతే రిలీజ్ ఏజెంట్.

ఏది కొనాలి?

మొదటిసారి చేస్తుంటే నా సలహా మైనమే. రంగు లేని కివీ న్యూట్రల్ షూ పాలిష్ డబ్బా చాలు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడ రాశామో, ఎక్కడ వదిలేశామో కంటికి కనిపిస్తుంది. ఒకప్పుడు చాలామంది జాన్సన్ పేస్ట్ వాక్స్ వాడేవారు. 2021లో దాని తయారీ ఆపేశారు కాబట్టి పాత డబ్బా ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

రెండోది పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ద్రవం. రాశాక ఆరి పల్చటి పొరలా తయారవుతుంది, పనయ్యాక నీళ్లతో కడిగితే పోతుంది. బాగా పనిచేస్తుంది కానీ ఓపిక కావాలి. పూర్తిగా ఆరకముందే వేలు తగిలితే పొర చిరిగి ఇనుము బయటపడుతుంది. మూలల్లో గుంటకట్టి ఆరితే ఆ ముద్ర బెడ్డింగ్‌లో అలాగే మిగులుతుంది. బాగా పాలిష్ చేసిన మైనం మీద రాస్తే తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోతుంది. రెండూ కలిపితే రెట్టింపు రక్షణ అనుకునేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఏరోసోల్ స్ప్రేలు సన్నగా, సమంగా పడతాయి. కాకపోతే తుంపర స్టాక్ లోపల పడితే అక్కడ ఎపాక్సీ కర్రకు అంటదు. స్టాక్‌ని వేరే గదిలో పెట్టి కొట్టండి. సిలికోన్ ఉన్నవి మాత్రం వద్దు. ఆ జిడ్డు కర్రకి పట్టిందంటే తర్వాత వార్నిష్ కూడా సరిగ్గా నిలవదు. వంటనూనె స్ప్రేతో పని కానిచ్చేవాళ్లు ఉన్నారు. నూనె రాసిన చోట నిలబడదు కాబట్టి నేనైతే వాడను.

ఎలా రాయాలి?

1. రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లో (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. బోల్టు (చాంబర్‌ని మూసే కదిలే భాగం), ట్రిగ్గర్ తీసేయండి.

2. ఇనుము మీది నూనెని ఎసిటోన్‌తో తుడవండి. జిడ్డు మీద ఏ పూతా సమంగా పట్టదు.

3. అసలు పని ఇదే. ఎంత మంచి పూత రాసినా, ఎపాక్సీ ఒక కన్నంలోకి దూరి గట్టిపడితే అది కొక్కెంలా పట్టేస్తుంది. అప్పుడు ఏ రిలీజ్ ఏజెంటూ కాపాడదు. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి పిన్ను కన్నాలు, ట్రిగ్గర్ గాడి, మ్యాగజైన్ చుట్టూ సందులు, ఎపాక్సీ దూరగల ప్రతి చోటూ పూడ్చి, పైన సాపు చేయండి. రెమింగ్టన్ 700 లాంటి రైఫిల్‌లో రికాయిల్ లగ్‌కి (రిసీవర్ ముందుభాగంలో కిందికి పొడుచుకొచ్చే ఇనుప పలక) ముందువైపు, పక్కలు, అడుగు ఒక వరస టేపు వేయండి. వెనకవైపు వేయకూడదు, తుపాకీ తన్నినప్పుడు బరువంతా ఆనేది అక్కడే.

4. ఇప్పుడు మైనం. మెత్తని గుడ్డతో పల్చగా రాసి, మసకబారేదాకా ఆరనిచ్చి, తేలిగ్గా తుడవండి. ఇలా రెండు మూడు పూతలు చాలు. మూలలకి ఇయర్‌బడ్ వాడండి. టేపు మీద, క్లే మీద, బ్యారెల్ మొదట్లో కూడా రాయండి. ఎపాక్సీ చేరుతుందనుకున్న చోటుకి ఇంకో అంగుళం అవతలిదాకా రాస్తే మంచిది.

5. స్క్రూలు మర్చిపోవద్దు. నా మొదటి ప్రయత్నంలో రిసీవర్‌కి మూడు పూతలు రాసి, వెనక స్క్రూని వదిలేశాను. రిసీవర్ లేవాలంటే ముందు ఆ స్క్రూ రావాలి, అదేమో కదల్లేదు. చివరికి సోల్డరింగ్ ఐరన్ దాని తలమీద పెట్టి, వేడికి ఎపాక్సీ మెత్తబడ్డాక తిప్పాల్సి వచ్చింది. స్క్రూ గాట్ల నిండా మైనం కూరండి.

కొత్త పూత మీద నమ్మకం లేకపోతే, ముందురోజు ఒక పాత నట్టుబోల్టుకి అదే పూత రాసి, అదే ఎపాక్సీ కాస్త పెట్టి చూడండి. మర్నాటికి ఊడితే సరే.

ఊడకపోతే?

ఎపాక్సీ డబ్బా మీద రాసిన గడువు దాకా, సాధారణంగా ఒక రోజు, ఆగి స్క్రూలు తీయండి. బ్యారెల్‌ని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టి నిటారుగా పైకి లాగండి. పక్కలకి ఊపితే అంచులు విరుగుతాయి. రాకపోతే స్టాక్‌తో సహా పెద్ద ఫ్రీజర్‌లో కొన్ని గంటలు పెట్టండి. చలికి ఇనుము, ఎపాక్సీ ఒకేలా కుంచించుకోవు కాబట్టి పట్టు వదులుతుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం ముందే చెప్పండి, చేపల పక్కన తుపాకీ చూస్తే కంగారు పడతారు.

ఫ్రీజర్‌లోంచి తీసిన ఇనుముకి చెమ్మ పడుతుంది, వెంటనే తుడవండి. పీవీఏ అయితే గోరువెచ్చని నీళ్లతో, మైనం అయితే మినరల్ స్పిరిట్‌తో శుభ్రం చేసి, క్లే అంతా తవ్వి, నూనె రాయండి. బెడ్డింగ్‌లో గుడ్డ గీతల్లాంటి చారలు కనిపిస్తే అవి మైనం ముద్రలే, వాటితో నష్టం లేదు. గుంటలు పడితే వాటిని గరుకు చేసి, కాస్త ఎపాక్సీ పెట్టి మళ్లీ కూర్చోబెట్టవచ్చు. దానికి ముందు రిసీవర్‌కి పూత మళ్లీ మొదటినుంచీ రాయాలి, పాతది పనికిరాదు.