నాజిళ్లు సర్వీసు చేయించాక ట్రాక్టరు నల్లపొగ కక్కుతుంటే

లక్షణం: ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజను బాగానే ఉంటుంది. ట్రాలీలో తోతాపురి లోడు వేసుకొని చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి బయలుదేరి చిన్న ఎగువ ఎక్కేసరికి నల్లపొగ వస్తుంది, లాగుడు ఉండదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. డీజిల్ పంపు విప్పేవాళ్లే ఎక్కువ, ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పేవాళ్లు తక్కువ. ఆయిల్ బాత్ (గాలిలో దుమ్మును ఆయిల్‌తో పట్టే) గిన్నె అడుగున దుమ్ము ముద్ద కట్టి ఉంటే గాలి చాలక పొగ వస్తుంది. కడిగి, గుర్తు వరకు మాత్రమే ఆయిల్ పోయండి. కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దగ్గర తిరిగే బండికైతే ఇది రోజూ చూడాల్సిన పని. జాలీ కూడా డీజిల్‌తో కడగాలి. వట్టి గిన్నె కడిగితే సగం పనే.

గాలి సరిగ్గా ఉండి, పొగ నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మొనలు) సర్వీసు చేయించాకే మొదలైతే, అనుమానించాల్సింది నాజిల్ కింద ఉండే రాగి వాషర్‌ని.

పాత ప్రీ-చాంబర్ ఇంజన్లలో డీజిల్ మండడం సిలిండర్ల పైమూత అయిన హెడ్డులోని చిన్న గదిలో మొదలవుతుంది. గాలి ఆ గదిలో సుడి తిరిగి డీజిల్‌ని తనే కలుపుకుంటుంది, అందుకే నాజిల్ కాస్త పైకో కిందికో ఉన్నా తేడా పెద్దగా తెలియదు. ఇప్పటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో అలాంటి గది లేదు, పిస్టన్ తలలో ఉన్న గుంతే మండే చోటు. నాలుగైదు రంధ్రాల నాజిల్ చిమ్మే ధారలు ఆ గుంత గోడకు ఒక లెక్క ప్రకారం తగలాలి. ఆ లెక్క వాషర్ మందం మీద ఉంటుంది. పాత ఇంజన్ల మీద పని నేర్చుకున్నవాళ్లు వాషర్‌ని లీకు ఆపే బిళ్ల అనుకుంటారు, కానీ ఇక్కడ నాజిల్ ఎంత లోపలికి దిగాలో నిర్ణయించేది అదే.

జరిగేది ఏమిటంటే, నాజిల్ బయటికి లాగినప్పుడు పాత వాషర్ మసితో కూర్చుని అడుగునే ఉండిపోతుంది. నల్లగా ఉండడంతో వాషర్ కూర్చునే సీటులాగే కనిపిస్తుంది. దాని మీద కొత్తది వేస్తారు. 2 మిల్లీమీటర్ల వాషర్లు రెండు పడితే నాజిల్ మొన 2 మిల్లీమీటర్లు పైకి పోతుంది. ధార గుంతలోకి కాక అంచుకు, హెడ్డు అడుగుకు తగులుతుంది. గుంతలో గాలి వాడకుండా మిగులుతుంది, చల్లటి లోహం మీద పడిన డీజిల్ మసి అవుతుంది.

ఏ సిలిండరో పట్టుకోవడానికి, లోడు పడినంత పొగ వచ్చేలా ఇంజను తిప్పి, ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేయండి. ఏది వదిలితే పొగ తగ్గుతుందో అదే. కామన్ రైల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే) ఇంజన్‌లో ఈ పని అసలు చేయొద్దు. ఆ పైపుల్లో ఒత్తిడి 1000 బార్ దాటుతుంది, ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

పరిష్కారం: నాజిళ్లన్నీ తీసి, టార్చి వేసి ప్రతి బోరు (నాజిల్ దిగే రంధ్రం) అడుగు చూడండి. సన్నటి స్టీలు కొక్కెంతో అంచు తట్టితే మిగిలిన వాషర్ కదులుతుంది. కదలకపోతే మొనకు గ్రీజు పూసిన ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) బిగించి లాగండి, రాగి రజను గ్రీజుకు అంటుకుని వస్తుంది. సీటు తుడిచి, ఇంజను ఆపే స్టాప్ లాగి ఉంచి, పక్కకు నిలబడి రెండు చుట్లు క్రాంక్ చేస్తే మిగిలిన మసి ఎగిరిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన మందం కొత్త వాషర్ ఒక్కటే వేసి, క్లాంప్ నట్లు రెండు వైపులా సమంగా బిగించండి. హెడ్డు ఫేసింగ్ (అడుగు చెక్కి చదును చేయడం) చేయించి ఉంటే లెక్క తలకిందులు: మొన కిందికి ఎక్కువ దిగుతుంది, అప్పుడు మందం పెంచాల్సి రావచ్చు. నాజిల్ పక్క ‘చుస్సు చుస్సు’ మంటూ నల్లటి జిగట కారుతుంటే వాషర్ వేయడం మరిచారు, లేదా సీటు దెబ్బతింది.

డీజిల్ చిమ్మే టైమింగ్ జారడం, టర్బో పైపు చిరగడం వంటివి ఇవన్నీ చూశాకే.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగి డీజిల్ వాసన వస్తుంటే, మండని డీజిల్ కిందికి దిగిందన్నమాట. ఆయిల్, ఫిల్టరు మార్చకుండా మళ్లీ లోడు లాగించొద్దు.