ట్యాబ్ పెన్ను కనెక్ట్ అవ్వట్లేదా? ముందు అది ఏ రకం పెన్నో చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అందుకని ఒకే లెక్కని ట్యాబ్‌లో రెండు లిపుల్లో పక్కపక్కన రాసి చూపిస్తాను. సాయంత్రం ఆ పేజీ వాట్సాప్‌లో పంపితే పిల్లలు దాని కిందే చేసి తిరిగి పంపుతారు. ఈ పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచి రాత్రి ఎనిమిది దాటాక వచ్చే ఫోన్లలో సగం ఒకే మాట: "మాస్టారూ, పెన్ను కనెక్ట్ అవ్వట్లేదండీ." పెన్ను మొరాయించిన రోజు పిల్లవాడు వేలితో గీకుతాడు, రెండు లెక్కలకే విసుగొచ్చి వదిలేస్తాడు. అది నాకు బాధగా ఉంటుంది. ఆ ఫోన్లలో నేను చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

బ్లూటూత్ లిస్టులో పెన్ను పేరే కనిపించడం లేదు

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. చాలాసార్లు కారణం ఒక్కటే: ఆ పెన్నుకి అసలు బ్లూటూత్ ఉండదు. లేనిదాన్ని లిస్టులో ఎంతసేపు వెతికినా దొరకదు. కాబట్టి సెట్టింగ్స్ తెరిచే ముందు పెన్ను మొన చూడండి.

మొన మెత్తటి రబ్బరుదైనా, చివర పారదర్శకంగా గుండ్రటి బిళ్ళ ఉన్నా అది వేలికి బదులు వాడే పెన్ను మాత్రమే. బ్యాటరీ లేదు, జత చేయడం లేదు, ఏ టచ్ స్క్రీన్ మీదైనా రాస్తుంది. దాన్ని మీ వేలి నుంచి వేరుగా ట్యాబ్ గుర్తుపట్టలేదు. అందుకే అరచెయ్యి ఆనితే అక్కడా గీతలు పడతాయి.

శామ్‌సంగ్ ట్యాబ్‌తో వచ్చే ఎస్ పెన్ పద్ధతి వేరు. స్క్రీన్ కింద ఉన్న పొర ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, పెన్నులోని చిన్న తీగచుట్ట దాని నుంచే శక్తి తీసుకుంటుంది. రాయడానికి చార్జింగ్ కూడా అక్కర్లేదు. కొన్ని మోడళ్ళలో బ్లూటూత్ ఉన్నా అది పక్క బటన్‌తో దూరం నుంచి స్లైడ్లు మార్చడం లాంటి పనులకే. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ పెన్నుకైతే బ్లూటూత్ లేనే లేదు. మీ ఎస్ పెన్ చక్కగా రాస్తూ "కనెక్ట్ కాలేదు" అని చూపిస్తే టెన్షన్ పడకండి, రాయడం మీద దాని ప్రభావం ఉండదు.

మూడో రకం దగ్గరే డబ్బు పోతుంది. స్విచ్, చిన్న లైటు ఉండి, పెట్టె మీద "ఐప్యాడ్ కోసం" అని రాసి ఉన్న తక్కువ ధర పెన్నులు ఇవి. సాధారణంగా 2018, ఆ తర్వాత వచ్చిన ఐప్యాడ్‌ల మీదే ఇవి రాస్తాయి. రాయడానికి బ్లూటూత్‌లో జత చేయనక్కర్లేదు, స్విచ్ ఆన్ చేస్తే చాలు. ఆండ్రాయిడ్ ట్యాబ్ మీద మాత్రం చుక్క కూడా పెట్టవు. ఒక అమ్మాయి వాళ్ళమ్మ కుట్టుపని డబ్బులు దాచి ఇలాంటి పెన్ను కొన్నారు. వాళ్ళింట్లో ఉన్నది ఆండ్రాయిడ్ ట్యాబ్. అమ్మినవాళ్ళు "అన్నిటికీ పనిచేస్తుంది" అన్నారట. వారం పాటు రీస్టార్ట్ చేసి చేసి అలసిపోయాక నా దగ్గరికి తెచ్చారు. పెన్ను బాగానే ఉంది, నా ఐప్యాడ్ మీద పెడితే అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఆవిడ ముఖం చూడలేకపోయాను. కొనేముందు పెట్టె మీద మీ ట్యాబ్ మోడల్ పేరు ఉందో లేదో చదవండి. లేకపోతే కొనొద్దు.

ఇవి పోగా మిగిలినవే నిజంగా జత చేయాల్సిన పెన్నులు: యాపిల్ పెన్సిల్, కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌ల అంచుకి అతుక్కుని చార్జ్ అయ్యేవి.

యాపిల్ పెన్సిల్ జత కావడం లేదు

నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ ఒకే పద్ధతి కాదు. 2015లో వచ్చిన మొదటిదానికి వెనక మూత తీసి ఐప్యాడ్ లైట్నింగ్ పోర్టులో (పాత ఐప్యాడ్‌లకి చార్జింగ్ పెట్టే చోట) గుచ్చాలి. పదో తరం ఐప్యాడ్‌కి ఆ పోర్టు లేదు కాబట్టి మధ్యలో అడాప్టర్, యూఎస్‌బీ-సీ కేబుల్ కావాలి. 2018లో వచ్చిన రెండోదాన్ని ఐప్యాడ్ పొడవాటి అంచు మీద అయస్కాంతం ఉన్నచోట ఆనిస్తే జత అవుతుంది, చార్జింగూ అక్కడే. కవరు మందంగా ఉంటే సరిగ్గా ఆనదు, తీసి చూడండి.

2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్ అందరినీ తికమక పెడుతుంది. అది కూడా అంచుకి అతుక్కుంటుంది, కానీ అలా చార్జ్ అవ్వదు, జత కూడా అవ్వదు. రాత్రంతా అతికించి పొద్దున "చార్జే ఎక్కలేదు" అనేవాళ్ళని చూశాను. దాని వెనక భాగం జరిపితే పోర్టు కనిపిస్తుంది, కేబుల్ అక్కడ పెట్టాలి. 2024లో వచ్చిన ప్రో పెన్సిల్ ఆ ఏడాది, ఆ తర్వాత వచ్చిన కొన్ని మోడళ్ళకే. ఎం4 చిప్ ఉన్న ఐప్యాడ్ ప్రో మీద రెండో తరం పెన్సిల్ పనిచేయదు. అన్నదమ్ములు ఒకరి పెన్సిల్ ఇంకొకరికి ఇచ్చే ఇళ్ళలో ఇది గుర్తుంచుకోండి.

నిన్నటిదాకా రాసింది, ఈరోజు రాయడం లేదు

జత చేయాల్సిన పెన్నయితే ముందు బ్లూటూత్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చార్జింగ్ ఆదా అవుతుందని ఇంట్లో ఎవరో ఒకరు ఆపేస్తుంటారు. తర్వాత ఆ పెన్ను నిన్న ఇంకో ట్యాబ్‌కి అతుక్కుందేమో అడగండి. యాపిల్ పెన్సిల్ ఒకసారి ఒక ఐప్యాడ్‌తోనే జతలో ఉంటుంది. మా ట్యూషన్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళ పెన్నులు రోజూ ఇలాగే తారుమారయ్యేవి. పెద్దమ్మాయి తన పెన్ను కొనకి గోళ్ళ రంగు చుక్క పెట్టుకుంది, గొడవ తీరింది. స్టిక్కరు అంటించొద్దు, అంచుకి సరిగ్గా ఆనక చార్జింగ్ ఆగుతుంది.

రెండూ సరిగ్గానే ఉంటే బ్లూటూత్ లిస్టులో పెన్ను పేరు పక్కన నొక్కి "ఫర్గెట్" చేసి, ట్యాబ్ రీస్టార్ట్ చేసి, అప్పుడు మళ్ళీ జత చేయండి. రీస్టార్ట్ చేయకుండా నాలుగుసార్లు జత చేయడం కన్నా ఈ వరస ఒక్కసారి చేయడం మేలు.

సెలవుల తర్వాత ఈ సమస్య వస్తే కారణం దాదాపు ఎప్పుడూ బ్యాటరీయే. పిల్లలు పాతపట్నంలో అమ్మమ్మగారింటికి వెళ్తారు, పెన్ను రెండు నెలలు బీరువాలో ఉంటుంది. లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యి అలాగే ఉండిపోతే పాడవుతుంది. ముందు గంటసేపు చార్జింగ్‌లో వదిలేయండి, మధ్యలో తీసి చూడొద్దు. కొన్ని లేస్తాయి. లేవకపోతే ఇంట్లో విప్పి బ్యాటరీ మార్చే వీలున్న వస్తువు కాదది. ఊరెళ్ళేముందు సగం చార్జ్ పెట్టి వెళ్తే ఈ తిప్పలుండదు.

కనెక్ట్ అయింది, కానీ అక్షరం తెగిపోతోంది

తెలుగులో ఇది వెంటనే తెలుస్తుంది. పెద్ద గీతలు వస్తాయి, తలకట్టు, కొమ్ము, ఒత్తు మాయమవుతాయి. పొట్టి గీతని, చిన్న తాకిడిని పెన్ను వదిలేస్తోందన్నమాట. యాపిల్ పెన్సిల్ అయితే మొనని వేళ్ళతో కుడివైపు తిప్పి బిగించండి. వదులైన మొన వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. అరిగి లోపలి లోహం కనిపిస్తుంటే ఆ క్షణమే రాయడం ఆపండి, స్క్రీన్ గీసుకుపోతుంది. కాగితంలా గరుకుగా ఉండే ఫిల్మ్ వేసుకున్నవాళ్ళకి మొన త్వరగా అరుగుతుంది. మందపాటి టెంపర్డ్ గ్లాసు, దాని కింద గాలి బుడగ ఉన్నా ఇదే లక్షణం.

స్క్రీన్‌లో ఒకే చోట గీత వంకర పోతే, అదీ ఎస్ పెన్‌తో అయితే, కవరులోని అయస్కాంతాన్ని అనుమానించండి. కవరు తీసి అక్కడే గీయండి.

చార్జింగ్ పెడితే గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి

టచ్ స్క్రీన్ చాలా చిన్న విద్యుత్ మార్పుల్ని పసిగట్టి పనిచేస్తుంది. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే అలజడి అందులో కలిస్తే పెన్ను ఎక్కడుందో ట్యాబ్‌కి తెలియదు. చార్జర్ పీకేసి గీయండి. గీత తిన్నగా వస్తే పెన్నుది తప్పు కాదు. ట్యాబ్‌తో వచ్చిన చార్జర్ వాడండి, లేదా పవర్ బ్యాంక్ పెట్టి రాయండి. అరచేతి చెమట వల్ల కూడా గీతలు చెదురుతాయి, పక్కన పొడి గుడ్డ పెట్టుకోండి.

ఇన్ని చేసినా కదలకపోతే సర్వీస్ కోసం బరంపురమో శ్రీకాకుళమో బస్సెక్కే ముందు ఒక్క పని చేయండి. అదే మోడల్ ట్యాబ్ ఉన్నవాళ్ళ దగ్గర మీ పెన్ను పెట్టి చూడండి. అక్కడ రాస్తే ట్యాబ్ తీసుకెళ్ళాలి, అక్కడా రాయకపోతే పెన్ను తీసుకెళ్ళాలి. బిల్లుతో పాటు పెన్ను పెట్టె కూడా సంచిలో వేసుకోండి. సీరియల్ నంబరు పెట్టె మీద సులువుగా చదవడానికి వస్తుంది.