మేగీ మార్ష్‌లో పక్షులు చూడబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

దక్షిణం నుంచి వచ్చే వార్బ్లర్లు అనే చిన్న పిట్టలు ఈరీ సరస్సు దాటేముందు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న ఈ చిత్తడి అడవిలో ఆగి, పురుగులు తిని బలం పుంజుకుంటాయి. మే మొదటి మూడు వారాలు మంచి అదను. గైడ్‌తో గ్రూపుగా వెళ్లేవాళ్లకి:

- ముందురోజు రాత్రి గాలి ఎటు వీస్తోందో చూడండి. దక్షిణపు గాలైతే తెల్లారేసరికి కొత్త పక్షులు దిగే అవకాశం ఎక్కువ.

- ఊళ్లో ఎండ ఉందని జాకెట్ వదిలేయకండి. సరస్సు గాలి వణికిస్తుంది.

- బైనాక్యులర్స్ 8x42 (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 12 రెట్లవి కొంటే గొప్ప అనుకుంటారు గానీ, చేయి కాస్త వణికినా బొమ్మ ఊగిపోతుంది. ఆకుల్లో క్షణం నిలవని పిట్టను పట్టుకోవడం కష్టం. పెరట్లో ఒకరోజు ఫోకస్ చేయడం అలవాటు చేసుకోండి. పిట్ట మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్ల దగ్గరికి తేవాలి.

- చెక్కబాట ఇరుకు, జనం ఎక్కువ. ట్రైపాడ్ వద్దు. చూసినవాళ్లు పక్కకి జరిగి పిల్లలకి, వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకి చోటివ్వాలి.

- బాట దిగొద్దు. పాయిజన్ ఐవీ అనే మొక్క తగిలితే దద్దుర్లొస్తాయి, గడ్డిలో పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక వెతకండి.

- ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవొద్దు. అలసి వచ్చిన పిట్ట తిండి మానేసి ప్రత్యర్థిని వెతుక్కుంటుంది. గైడే అలా చేస్తుంటే మొహమాటపడకుండా వద్దనండి.