సర్వర్ ఎందుకు లేవడం లేదు? – 4వ పాఠం: ర్యాండమ్ నంబర్ల దగ్గర ఆగిపోతే

పోయిన పాఠంలో థ్రెడ్ డంప్ (జావా ప్రోగ్రాములోని ఒక్కో థ్రెడ్, అంటే ఒక్కో పని వరస, ఆ క్షణంలో ఎక్కడుందో చూపే జాబితా) తీయడం నేర్చుకున్నాం. ఈసారి దానితో ఒక అసలు కేసు తేల్చుదాం.

లినక్స్ వర్చువల్ మెషీన్ మీద, జావా వెబ్ అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ సర్వర్ స్టార్ట్ చేశారు. ల్యాప్‌టాప్‌లో సెకన్లలో లేచే అప్లికేషనే ఇక్కడ నిమిషాలు గడిచినా లేవదు. టాప్ కమాండ్ కొట్టి చూస్తే సీపీయూ ఖాళీ. మెమరీ నిండలేదు, డిస్క్ మీద పనేమీ లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు. ఇక్కడే టెన్షన్ పడి చాలామంది హీప్ సైజు (జావాకిచ్చే మెమరీ) పెంచుతారు, లేదా ప్రాసెస్‌ని కిల్ చేసి మళ్లీ మొదలుపెడతారు. దయచేసి ఆ రెండూ చేయకండి. అది ఆగి ఉన్నంతసేపే మనకు ఆధారం దొరుకుతుంది.

జావాతో వచ్చే జెస్టాక్ కమాండ్‌తో కొన్ని సెకన్ల తేడాతో మూడు డంపులు తీయండి. స్టార్టప్ చేసే థ్రెడ్ పేరు మెయిన్ అనో, లోకల్‌హోస్ట్ స్టార్ట్‌స్టాప్ అనో ఉంటుంది. మూడు డంపుల్లోనూ అది ఒకేచోట కూర్చుని ఉందా చూడండి. ఈ జబ్బయితే పై వరసల్లో ఫైల్‌ఇన్‌పుట్‌స్ట్రీమ్ రీడ్‌బైట్స్, దాని కింద సీడ్‌జనరేటర్, ఆ కింద సెక్యూర్‌ర్యాండమ్ (ఊహించలేని నంబర్లిచ్చే జావా క్లాస్), ఇంకా దిగువన టామ్‌క్యాట్ సెషన్ ఐడీ జనరేటర్ కనిపిస్తాయి. కొత్తవాళ్లను తికమక పెట్టేది ఒకటుంది: ఆ థ్రెడ్ స్థితి ‘రన్నబుల్’ అని రాసి ఉంటుంది. నమ్మకండి. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లోపల రీడ్ కాల్‌లో నిద్రపోతున్న థ్రెడ్‌ని కూడా జేవీఎం (జావాని నడిపే ప్రోగ్రాము) రన్నబుల్‌గానే చూపిస్తుంది. రన్నబుల్ అని ఉండి సీపీయూ వాడకం సున్నా అయితే, అది ఏదో చదవడానికి ఎదురుచూస్తోందన్నమాట. సర్వర్ చివరికి లేచాక లాగ్ కూడా ఇదే చెబుతుంది: సెక్యూర్‌ర్యాండమ్ తయారవడానికి 100 మిల్లీసెకన్లు దాటితే, ఎన్ని పట్టాయో టామ్‌క్యాట్ ఒక వార్నింగ్ రాస్తుంది.

ఎందుకు ఆగింది? లాగిన్ అయిన మనిషిని గుర్తుపట్టేందుకు సర్వర్ ఇచ్చే సెషన్ ఐడీని ఎవరైనా ఊహించగలిగితే, లాగిన్ అయిన మనిషి ఖాతాలోకి నేరుగా దూరిపోవచ్చు. అందుకే ఆ నంబర్లకు గట్టి సీడ్ (నంబర్ల తయారీ మొదలయ్యే తొలి విలువ) కావాలి. జావా డిఫాల్ట్‌గా ఆ సీడ్‌ని కెర్నెల్ ఇచ్చే /డెవ్/ర్యాండమ్ అనే ఫైల్ నుంచి తెచ్చుకుంటుంది. కీబోర్డు, మౌస్, డిస్క్, ఇంటరప్టులు ఏ క్షణంలో వచ్చాయన్న చిన్నచిన్న తేడాల నుంచి కెర్నెల్ ఎంట్రోపీ (ఊహించలేనితనం) పోగుచేస్తుంది. ఎండాకాలపు ఊటబావి లాంటిది ఇది. తోడిన తర్వాత మళ్లీ ఊరేదాకా ఆగాలి. కీబోర్డూ మౌసూ లేని కొత్త వర్చువల్ మెషీన్‌లో ఆ ఊట మరీ సన్నం. 5.6కు ముందటి కెర్నెళ్లలో పోగైన ఎంట్రోపీ లెక్క తగ్గితే /డెవ్/ర్యాండమ్ చదివేవాళ్లను ఆపేస్తుంది. 2020లో వచ్చిన 5.6 నుంచి, బూట్ అయ్యాక ఒకసారి సిద్ధమైతే చాలు, మళ్లీ ఆపదు.

కాబట్టి ముందు కెర్నెల్ వెర్షన్ చూడండి. పాతదైతే /ప్రాక్ కింద కెర్నెల్ ర్యాండమ్ ఫోల్డర్‌లో ఉన్న ఎంట్రోపీ అవైల్ ఫైల్‌ని క్యాట్ చేయండి. అక్కడ పూర్తి నిల్వ 4096. మీకు రెండంకెల సంఖ్య కనబడితే అనుమానం తీరినట్టే. ఇటీవలి కెర్నెళ్లలో అదే ఫైల్ 256 చూపిస్తుంది. అది సహజం, కంగారు పడకండి.

మందు చిన్నదే. టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లోని సెట్ఎన్వ్ స్క్రిప్టులో, కాటలినా ఆప్ట్స్‌కి జావా సెక్యూరిటీ ఈజీడీ ప్రాపర్టీ చేర్చి, విలువగా ఫైల్:/డెవ్/./యుర్యాండమ్ ఇవ్వండి. యుర్యాండమ్ ఎంట్రోపీ లెక్క కోసం ఆగకుండా నంబర్లిచ్చే ఫైల్. మధ్యలో ఆ చుక్క టైపింగ్ తప్పు కాదు. జావా 7 దాకా, చుక్క లేకుండా /డెవ్/యుర్యాండమ్ అని రాస్తే లోపల దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టి, సీడ్ కోసం మళ్లీ /డెవ్/ర్యాండమ్ దగ్గరికే వెళ్లేది. చుక్క పెడితే దారి అదే, స్ట్రింగ్ మాత్రం వేరు. జావా 8లో దీన్ని సరిచేశారు, కానీ చుక్క ఉన్నా నష్టం లేదు.

యుర్యాండమ్ అంటే సెక్యూరిటీ తగ్గించడమే కదా అని మీ టీమ్‌లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. తగ్గదు. దాని వెనకున్నదీ క్రిప్టోగ్రాఫిక్ జనరేటరే. జాగ్రత్త పడాల్సింది బూట్ అయిన తొలి క్షణాల్లోనే. కెర్నెల్ లాగ్ చూపే డీమెస్గ్‌లో సీఆర్ఎన్‌జీ ఇనిట్ డన్ అన్న వరస వచ్చాక ఆ భయం లేదు. అసలు ప్రమాదం ఎలా ఉంటుందో డెబియన్ లినక్స్‌లోని ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) కేసు చూపించింది. 2006లో చేసిన ఒక మార్పు వల్ల సీడ్‌లో దాదాపు ప్రాసెస్ ఐడీ ఒక్కటే మిగిలింది. 2008 మేలో బయటపడేసరికి, ఒక్కో రకం కీకి 32,767 అవకాశాలే ఉన్నాయని తేలింది. అన్నీ ముందే తయారుచేసి పెట్టుకుని ప్రయత్నించవచ్చు. స్పీడు కోసం సెక్యూర్‌ర్యాండమ్ తీసేసి మామూలు ర్యాండమ్ క్లాస్ పెడితే మీరూ అలాంటి గొయ్యే తవ్వుతున్నట్టు. ఆ పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మీ చేతిలో ఉంటే ఇంకా మంచి దారి ఉంది: వర్ట్ఐఓ ఆర్ఎన్‌జీ పరికరం తగిలిస్తే హోస్ట్ నుంచే ఎంట్రోపీ వస్తుంది. పాత కెర్నెల్‌లో, ఆ ఎంట్రోపీని కెర్నెల్‌కి అందించే ఆర్ఎన్‌జీడీ సర్వీసు కూడా ఆన్ చేయండి. అప్పుడు జావా ఒక్కటే కాదు, ఆ మెషీన్ మీద ఉన్న మిగతా ప్రోగ్రాములూ బాగుపడతాయి.

ఈ ఈజీడీ ఫ్లాగ్ పెట్టినా ఆగుతోందా? మళ్లీ డంప్ తీయండి. అందులో గెట్‌ఇన్‌స్టన్స్‌స్ట్రాంగ్ కనబడితే, మీ కోడో, మీరు వాడే లైబ్రరీయో నేరుగా బ్లాకింగ్ రకాన్నే అడుగుతోంది. దాని మీద ఈ ఫ్లాగ్ పనిచేయదు, ఆ పిలుపునే మార్చాలి. సెక్యూర్‌ర్యాండమ్ జాడే లేకుండా ఇన్ఎట్‌అడ్రస్ కనబడితే అది డీఎన్ఎస్ (పేరు నుంచి నెట్‌వర్క్ చిరునామా వెతికే ఏర్పాటు) వ్యవహారం, 5వ పాఠం దాని గురించే.