ఆందోళన, కుంగుబాటుకు ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఎలా చేయాలి?

పరికరాల సంగతి త్వరగా ముగిద్దాం. గడియ పడే గది, మైకున్న హెడ్‌ఫోన్, కంటి ఎత్తులో కెమెరా, ముఖం మీద పడే వెలుతురు. వైఫై కన్నా కేబుల్ నయం. ల్యాప్‌టాప్‌తోనే చేయాలి, ఫోన్ చేతిలో పట్టుకుని కాదు. తెరపై మీ బొమ్మ మీకు కనబడకుండా దాచేయండి. సెషన్ 50 నిమిషాలు.

అసలు చిక్కు మొదటి ఐదు నిమిషాల్లో ఉంది. చాలామంది పాడుచేసేదీ అక్కడే. కుశల ప్రశ్నలకన్నా ముందు "ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడిగి, పూర్తి చిరునామా రాసుకోండి. ప్రతిసారీ. మొదట్లో నింపిన ఫారంలో ఉండేది ఇంటి చిరునామా. మనిషి ఇవాళ వేరే ఊళ్లో, కారులో ఉండొచ్చు. మీరు అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే అది మీ ఊరికి కలుస్తుంది, వాళ్ల ఊరికి కాదు. అక్కడి నంబరు, దగ్గరివాళ్ల నంబరు ముందే మీ దగ్గరుండాలి. ఆ దగ్గరివాళ్లకు ఎప్పుడు ఫోన్ చేయొచ్చో కూడా ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

తర్వాత "పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. ఎవరైనా గదిలోకి వస్తే చెప్పడానికి ఓ మామూలు మాట గుర్తుగా పెట్టుకోండి. లైన్ తెగితే ఫోన్ చేయాల్సింది మీరే. ఇద్దరూ ఒకేసారి చేస్తే ఇద్దరికీ బిజీ వస్తుంది.

కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9, ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళులను ముందు రోజు పంపే అలవాటు మానుకోండి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న, తనకు హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దాని జవాబు రాత్రంతా ఎవరూ చూడకుండా పడి ఉండకూడదు. మీ ఎదుటే నింపించండి. 27కి మొత్తం 6 మాత్రమే వచ్చినా సరే, తొమ్మిదో దానికి సున్నా తప్ప ఏం వచ్చినా ఆగి నేరుగా అడగండి: ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఎలా చేసుకోవాలన్నది అనుకున్నారా, ఇప్పుడు ప్రమాదం ఉందా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వద్దు. ప్రమాదం కనిపిస్తే వీడియో కట్ చేయకుండా, రెండో ఫోన్‌తో సాయం పిలవండి.

మిగతాది ఎదురుగా కూర్చుని చేసినట్టే. కాకపోతే మౌనాన్ని నెట్ ఆగిపోయిందనుకుంటారు. "వింటున్నాను, నిదానంగా చెప్పండి" అనండి. మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి రెండు సెకన్లు ఆగి బదులివ్వండి. ఆలోచనల పట్టికను (ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నారు, ఏమనిపించింది అని రాసేది) తెర షేర్ చేసి ఇద్దరూ కలిసి నింపండి. చివర్లో ఇచ్చే పని "కాస్త నడుస్తాను" అంటే చాలదు. ఏ రోజు, ఎన్నింటికి, ఎన్ని నిమిషాలు అన్నది రాయించాకే లైన్ వదలండి.